మీ ప్రశ్న – మా జవాబు: పికప్‌లో ఇసుక ఎన్ని అంగుళాలు?

ప్రశ్న: సెకండ్ హ్యాండ్‌లో పికప్ కొన్నాను. అమ్మినాయన "రెండు టన్నులు హాయిగా లాగుతుంది" అన్నాడు. ఆర్సీలో గ్రాస్ వెయిట్ 2,950, అన్‌లేడెన్ వెయిట్ (ఖాళీ బండి బరువు) 1,650 కిలోలు అని ఉంది. అర యూనిట్ ఎమ్‌శాండ్ (రాయి పొడి చేసి తీసిన ఇసుక) వేయొచ్చా?
– ఓ పాఠకుడు, అంబత్తూరు, చెన్నై

జవాబు: వేయకండి. ఇంజన్ లాగడం వేరు, బండి మోయడం వేరు. మోసేవి ఛాసిస్, యాక్సిల్, టైర్లు, ఆపాల్సింది బ్రేకులు. కంపెనీ వాటన్నిటికీ కలిపి ఇచ్చిన హద్దే ఆ 2,950. బండి, డీజిల్, మనుషులు, సరుకు అన్నీ అందులోకే వస్తాయి.

2,950లోంచి 1,650 తీసేస్తే 1,300. కానీ పాత బండికి ఆ 1,650ని నమ్మలేం. పక్క తలుపులకు రేకు వేయించి ఉంటారు, పైన క్యారియర్, కింద ఇనుప బంపర్ చేర్చి ఉంటారు. ముందు ఖాళీ బండిని ట్యాంకు నింపి, మనుషులు దిగి, వేబ్రిడ్జి మీద కాటా వేయించండి. 1,760 వచ్చిందనుకుందాం. మిగిలింది 1,190. డ్రైవరు, హెల్పరు కలిపి 140 తీసేస్తే సరుకుకు దక్కేది 1,050 కిలోలే.

ఇప్పుడు ఇసుక లెక్క. యూనిట్ అంటే 100 ఘనపుటడుగులు. ఎమ్‌శాండ్ పొడిగా ఉన్నా ఘనపుటడుగు 45 కిలోల దాకా తూగుతుంది, తడిస్తే 50 కూడా దాటొచ్చు. అంటే అర యూనిట్ 2,250 కిలోలు, మీ హద్దుకు రెట్టింపు పైనే. 1,050 కిలోలకు వచ్చేది 23 ఘనపుటడుగులు. తొట్టి 9 అడుగుల పొడవు, అయిదున్నర అడుగుల వెడల్పు ఉంటే ఇసుక అయిదున్నర అంగుళాల ఎత్తుకే వస్తుంది! పక్క తలుపు అడుగున్నర ఎత్తుంటుంది కాబట్టి బండి ఖాళీగా కనిపిస్తుంది. మోసం అక్కడే. తొట్టి నిండటాన్ని బట్టి బరువు అంచనా కట్టొద్దు. తొట్టి లోపల ఆ ఎత్తులో పెయింటుతో గీత గీయించండి, లోడు చేసే కూలీలకూ తెలుస్తుంది. సిమెంటైతే 50 కిలోల బస్తాలు 21.

హద్దు దాటితే మోటారు వాహనాల చట్టం 194వ సెక్షన్ కింద, 2019 సవరణ ప్రకారం, జరిమానా ₹20,000. పైన ప్రతి టన్నుకు ₹2,000 అదనం, ఎక్కువైన సరుకు దింపే ఖర్చూ మీదే.

ప్రశ్న: వెనక కమాన్ కట్టలో (ఇనుప పట్టీల స్ప్రింగులో) రెండు పట్టీలు ఎక్కువ వేయిస్తే ఇంకో అర టన్ను మోస్తుందంటున్నారు. నిజమేనా?
– ఓ పాఠకురాలు, రెడ్‌హిల్స్

జవాబు: కాదమ్మా. పట్టీలు వేస్తే బండి కుంగదు, అంతే. హబ్ బేరింగులు, డ్రమ్ములు, టైర్లు పాతవే కదా. టైరు పక్క గోడ మీద 106/104 లాంటి అంకె చూడండి. యాక్సిల్‌కు అటొకటి ఇటొకటి టైరు ఉంటే మొదటిది మీది: 106 అంటే పూర్తి గాలితో 950 కిలోలు. రెండు వెనక టైర్లు కలిపి 1,900, అందులో బండి సొంత బరువూ ఉంది. గాలి తగ్గితే ఆ మాత్రం కూడా మోయలేదు. పక్క గోడ మడతపడి వేడెక్కి, ఎండలో హైవే మీద పేలుతుంది.

దీనికంటే మమ్మల్ని భయపెట్టేది ఇంకోటుంది. చాలా పికప్పుల్లో వెనక యాక్సిల్‌కు చిన్న కడ్డీతో కలిపిన బ్రేక్ వాల్వు ఉంటుంది. ఛాసిస్‌కూ యాక్సిల్‌కూ మధ్య జాగా తగ్గితే లోడుందని గ్రహించి వెనక బ్రేకులకు ఒత్తిడి పెంచుతుంది. పట్టీలు వేయించి బండిని ఎత్తితే జాగా తగ్గదు, వాల్వు ఖాళీ బండే అనుకుంటుంది. నిండు లోడు మీద వెనక బ్రేకు సరిగా పట్టదు, ముందు బ్రేకులు ఒంటరిగా కాలిపోతాయి. ఇప్పటికే వేయించి ఉంటే తీయించేయండి, వాల్వు సెట్టింగ్ కూడా చూపించండి.

ప్రశ్న: లోడు హద్దులోనే ఉంది, అయినా ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు స్టీరింగ్ తేలిపోతోంది.
– ఓ పాఠకుడు, గుమ్మిడిపూండి

జవాబు: బరువు తోక వైపు పడుతోంది. ముందు, వెనక చక్రాల మధ్య దూరం 2.6 మీటర్లు అనుకోండి. వెనక యాక్సిల్‌కు 60 సెంటీమీటర్లు వెనగ్గా 500 కిలోలు పెడితే, వెనక చక్రాల మీద 615 కిలోలు పడతాయి, ముందు చక్రాల మీద 115 తగ్గుతాయి. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంకా తగ్గుతాయి. బరువైనవి క్యాబిన్ గోడకు ఆనించి, కింద పేర్చండి, తేలికైనవి వెనక్కి. తర్వాత వెనక చక్రాలు మాత్రమే కాటా మీద ఉంచి తూకం వేయించి, ఆర్సీలోని వెనక యాక్సిల్ బరువుతో పోల్చండి. మొత్తం బరువు సరిపోయినా అక్కడ ఎక్కువ వస్తే సరుకు ముందుకు జరపాల్సిందే.