గ్రిమ్ ఎక్లిప్స్‌లోకి దిగబోతున్న చిన్నూకి

చిన్నూ,

స్నేహితులు ముగ్గురితో కలిసి ‘రూబీ: గ్రిమ్ ఎక్లిప్స్’ వీడియో గేమ్ ఆడబోతున్నావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషమేసింది. ‘రూబీ’ యానిమేషన్ సిరీస్ చూసిన ఉత్సాహంతోనే ఆటలోకి దిగుతావు కదా, అందుకే ముందుగా ఒక మాట. సిరీస్‌లో రూబీ కొడవలి అందుకుందంటే బియోవుల్ఫ్‌ల (తోడేళ్లలాంటి గ్రిమ్ రాక్షసుల) మందనంతా ఒక్కతే నరికేస్తుంది. ఆటలో నువ్వు అలా ఒంటరిగా మంద మధ్యలోకి దూకకు. ఇది నలుగురి కోసం తయారైన ఆట, ఆ నలుగురూ దగ్గరగా ఉంటేనే దీని రుచి తెలుస్తుంది.

అటాక్ బటన్‌ను అదేపనిగా నొక్కే అలవాటు మొదటి రోజే మానుకో. శత్రువు కొట్టబోయే ముందు ఒక గుర్తు కనిపిస్తుంది. సరిగ్గా అప్పుడు కౌంటర్, అంటే ఎదురుదెబ్బ బటన్, నొక్కాలి. నీ కాంబో (వరుస దెబ్బలు) ఎంత బాగా సాగుతున్నా సరే, గుర్తు కనబడితే ఆపి కౌంటర్‌కి వెళ్లు. మొదటి లెవెల్ ఎమరాల్డ్ ఫారెస్ట్‌లోనే ఇది చేతికి పట్టుబడాలి. తర్వాత అడవిపందుల్లాంటి బోర్బటస్క్‌లు దొర్లుకుంటూ మీదికి వచ్చేటప్పుడు నేర్చుకుందామంటే తీరిక దొరకదు.

ఇక అసలు విషయం, టీమ్ అటాక్. ఒకరు శత్రువును స్టన్ చేస్తే (కాసేపు కదలలేకుండా చేస్తే) ఇంకొకరు వచ్చి దాని మీద టీమ్ అటాక్ వేయాలి. ఆ దెబ్బ బలం మామూలు కాంబోలకు రాదు. చాలామంది దీన్ని పట్టించుకోకుండా ఎవరికి వారు కొట్టుకుంటూ పోతారు, ఎలుగుబంటిలాంటి ఉర్సా వంటి పెద్దది ఎదురైతే గంటల తరబడి సాగదీస్తారు. మీరు మైక్‌లో మాట్లాడుకుంటూ ఆడండి. “ఇది స్టన్ అయింది, రా” అంటే చాలు. ఎవరు ఎన్ని చంపారన్న లెక్క పక్కన పెట్టి, పక్కవాడికి దెబ్బ వేసే అవకాశం ఇవ్వగలిగేవాడే ఈ ఆటలో మంచి ఆటగాడని నా గట్టి నమ్మకం.

ఆరా, అంటే నీ ఒంటి చుట్టూ ఉండే రక్షణ కవచం, దాని సంగతి కూడా గుర్తుంచుకో. అది ఉన్నంతసేపూ నీ హెల్త్‌కి దెబ్బ తగలదు, కాసేపు తన్నులు తప్పించుకుంటే మళ్లీ నిండుతుంది. అది అయిపోయిందంటే వెనక్కి తగ్గు, సిగ్గుపడాల్సిన పనేం లేదు. రూబీ, ఆమె జట్టులోని బ్లేక్ ఆయుధాలు తుపాకీల్లా దూరం నుంచి కూడా పనికొస్తాయి. ఎవరైనా పడిపోతే ఒకరు లేపడానికి వెళ్లాలి, మిగిలినవాళ్లు చుట్టూ ఉన్న గ్రిమ్‌లను తమ వైపు లాగాలి. ముగ్గురూ ఒకేసారి పరిగెత్తుకెళితే ముగ్గురూ అక్కడే పడతారు.

కథ నుంచి మరీ ఎక్కువ ఆశించకు. విలన్ డాక్టర్ మెర్లో, అతను మార్చేసిన పచ్చటి గ్రిమ్‌లు, అంతే. ఈ ఆట ప్రాణమంతా పోరాటంలోనే ఉంది, అది ఊరికే రాలేదు. 2013లో సిరీస్ మొదలుపెట్టిన మాంటీ ఓమ్ పోరాటాల యానిమేషన్‌కే పేరు పొందినవాడు. ఈ ఆట కూడా మొదట ఒక అభిమాని సొంతంగా చేసుకున్నదే. సిరీస్ తీసిన కంపెనీ రూస్టర్ టీత్ అతన్నే పనిలోకి తీసుకుని 2016లో పూర్తి ఆటగా విడుదల చేసింది. ఆయుధాలు తిప్పే తీరులో ఆ ప్రేమ కనిపిస్తుంది. అందుకే రూబీ జట్టులోని నలుగురు అమ్మాయిలనూ మార్చి మార్చి ఆడి చూడు. నీకు నచ్చింది రూబీనే అని తెలుసు, కానీ వైస్‌తో కూడా ఆడు. ఆ సన్నటి కత్తి ఆమె చేతిలో ఎలా కదులుతుందో నీ చేత్తో ఆడితేనే తెలుస్తుంది.

శత్రువులు అలలు అలలుగా వస్తుంటే నోడ్‌లను (కాపాడాల్సిన స్థానాలను) కాచుకుంటూ, టర్రెట్లు (తమంతట తామే కాల్చే తుపాకులు) పెట్టుకునే హోర్డ్ మోడ్‌కి తొందరపడకండి. నలుగురి లెవెళ్లూ కొంత పెరిగాక, కౌంటర్లు తడబడకుండా పడుతున్నాక వెళ్లండి. అక్కడ ఎవరు ఏ నోడ్ దగ్గర నిలబడాలో మొదటి అల రాకముందే మాట్లాడేసుకోండి.

నీ
బాబాయ్