5/16 అంగుళాన్ని దశాంశంలోకి మార్చడం ఎలా?

గాజువాక ఆటోనగర్ వర్క్‌షాపుల్లో డ్రాయింగ్ మీద 5/16 అంగుళం అని ఉంటుంది, డిజిటల్ కాలిపర్ (కొలత పరికరం) మాత్రం 0.3125 అని చూపిస్తుంది. రెండూ ఒకటేనా అన్నది ప్రశ్న. ఒకటే. లవాన్ని హారంతో భాగిస్తే చాలు.

5లో 16 పోదు కాబట్టి "0." వేయండి. 50లో 3 సార్లు, శేషం 2. 20లో 1, శేషం 4. 40లో 2, శేషం 8. 80లో 5, శేషం సున్నా. మిల్లీమీటర్లు కావాలంటే 25.4తో గుణించండి: 7.9375. ఇది 8కి దగ్గరే కదా అని 5/16 బోల్టుకి 8 ఎం.ఎం. నట్టు ఎక్కించకండి, రెండింటి మరల (త్రెడ్‌ల) మధ్య దూరం వేరు, పాడైపోతాయి.

ఎక్కువమంది తప్పు చేసేది 1/16 దగ్గర. పాయింటు పెట్టాక 10లోనూ 16 పోదు. అక్కడ 0 వేశాకే 100 తీసుకోవాలి. జవాబు 0.0625. ఆ సున్నా మరిచిపోతే 0.625, అంటే 5/8 అంగుళం, పది రెట్లు!

1 5/8 లాంటి మిశ్రమ భిన్నంలో 1ని అలాగే ఉంచి 5/8ని మాత్రమే భాగించండి: 1.625.

సూక్ష్మరూపంలో హారానికి 2, 5 తప్ప వేరే ప్రధాన కారణాంకం ఉంటే భాగహారం ఎప్పటికీ తెగదు. 1/3 అంటే 0.333... అలా సాగుతూనే ఉంటుంది. అంగుళాల స్కేలు మీద హారాలు 2, 4, 8, 16, 32, 64 కాబట్టి అక్కడ ఆ ఇబ్బంది రాదు.