ఎస్సై అయితే తుపాకీ ఎప్పుడు తీయాలి? ఒక తండ్రి ప్రశ్నకు జవాబు

ప్రశ్న (ఖమ్మం నుంచి ఒక తండ్రి): మా అమ్మాయి బీఎస్సీ కెమిస్ట్రీ పూర్తిచేసి ఎస్సై పోస్టుకు ప్రిపేర్ అవుతోంది. ప్రిలిమ్స్, గ్రౌండ్ అయిపోయాయి, ఫైనల్ రాతపరీక్ష మిగిలింది. ఎన్‌కౌంటర్ చేస్తే కేసు, చెయ్యకపోతే ఉద్యోగం పోతుందని చుట్టాలు భయపెడుతున్నారు. ఎవడైనా కత్తితో మీదికొస్తే ఆలోచించే టైమ్ ఉంటుందా అని తనకీ అనుమానమే. కెమెరాలు, డ్రోన్లు వచ్చాక కూడా ఇదంతా మనిషే చెయ్యాలా? ఈ ఉద్యోగానికి పంపమంటారా, వద్దంటారా?

జవాబు: నమస్కారమండీ. 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలోపు పరుగెత్తి, లాంగ్ జంప్, షాట్‌పుట్ కూడా దాటిన అమ్మాయి శరీరబలం గురించి మీరు బెంగపడక్కర్లేదు. మీరడిగింది అంతకన్నా ముఖ్యమైన సంగతి. కోచింగ్ సెంటర్లో అర్థమెటిక్, రీజనింగ్ బాగానే చెబుతారు. తుపాకీ ఎప్పుడు కాల్చకూడదో మాత్రం చెప్పరు. ఉద్యోగంలో చేరేముందే అది తెలిసి ఉండాలి.

ముందు చట్టం చూద్దాం. ఎన్‌కౌంటర్ చేసే అధికారమంటూ మన చట్టాల్లో ఎక్కడా లేదు. మీదికి ప్రాణాపాయం వచ్చినప్పుడు పోలీసుకు ఉన్నది మీకూ నాకూ ఉన్న ఆత్మరక్షణ హక్కే. పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు సెక్షన్లు దాని గురించే. చావు, తీవ్రగాయం, అత్యాచారం, కిడ్నాప్, యాసిడ్ దాడి లాంటి ముప్పు కళ్లెదుట ఉంటే ఎదుటివాడి ప్రాణం తీసేదాకా ఆ హక్కు వెళ్తుందని 38 చెబుతుంది. ఆపడానికి ఎంత అవసరమో అంతకు మించకూడదని 37 కట్టడి చేస్తుంది. ఈ రెండూ కలిపి చదవాలి. చాలామంది 38 దగ్గరే ఆగిపోతారు.

అరెస్టు సంగతి పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 43వ సెక్షన్లో ఉంది. ఎదురుతిరిగినా పారిపోబోయినా అవసరమైన బలం వాడొచ్చు. కానీ మరణశిక్ష గానీ యావజ్జీవం గానీ పడే నేరారోపణ లేనివాణ్ణి చంపే హక్కు ఈ సెక్షన్ ఇవ్వదని నాలుగో ఉపసెక్షన్ తేల్చేసింది. బైకు ఎత్తుకుపోతున్న కుర్రాడి వీపు మీద కాల్చడం ఏ లెక్కన చూసినా నేరమే. హత్య కేసు నిందితుడు పారిపోతున్నా సరే, కాల్చక తప్పని పరిస్థితి ఏమిటో కోర్టులో చూపించుకోవాల్సిందే.

ఇప్పుడు మీ అమ్మాయి అనుమానం. టైమ్ ఉండదు, నిజమే. అమెరికాలో సాల్ట్‌లేక్ సిటీ పోలీసు శిక్షకుడు డెనిస్ ట్యూలర్ 1983లో రాసిన లెక్క ఒకటుంది: కత్తి పట్టుకున్న మనిషి 21 అడుగుల దూరాన్ని దాదాపు ఒకటిన్నర సెకనులో దాటేస్తాడు. ఒరలోంచి పిస్టల్ తీసి గురిచూసి కాల్చడానికి మనకూ అంతే పడుతుంది. దీన్ని చాలాచోట్ల తలకిందులుగా నేర్చుకున్నారు, 21 అడుగుల లోపలికొస్తే కాల్చెయ్యొచ్చని. ఆ లెక్క నేర్పేది దూరం పాటించమని, అడ్డు చూసుకోమని.

ఒక ఉదాహరణ తీసుకోండి. తాగి, కూరగాయల కత్తి పట్టుకుని ఇంట్లో గొడవ చేస్తున్నాడని రాత్రి ఫోనొచ్చింది. ఎస్సై ఒక్కతే గబగబా లోపలికెళ్లి నాలుగడుగుల దూరంలో నిలబడితే, ఆ క్షణం నుంచి ఆమెకు మిగిలేవి రెండే దారులు: కాల్చడం, పొడిపించుకోవడం. అదే గుమ్మం బయట ఆగి, ఇంట్లోవాళ్లని పక్కకు తప్పించి, జీపునో గోడనో అడ్డుపెట్టుకుని, లాఠీ, షీల్డు ఉన్న ఇద్దరిని ముందుంచి, మాట్లాడే పని ఒక్కరికే అప్పగిస్తే పావుగంట దొరుకుతుంది. నలుగురూ నాలుగువైపుల నుంచి అరిస్తే వాడికి ఏదీ వినపడదు. ట్రిగ్గర్ దగ్గరి ఒకటిన్నర సెకనులో తెలివి పెద్దగా పనిచేయదు. అది పనిచేయాల్సింది జీపు దిగేటప్పుడు.

శరీరం చేసే మోసం కూడా తెలుసుకోవాలి. ప్రాణభయంలో చూపు ఇరుకైపోతుంది. కత్తి కనిపిస్తుంది గానీ పక్కనున్న పిల్లాడు కనిపించడు. కేకలు వినపడవు. ఎడమచేత్తో ఎవరినైనా గట్టిగా పట్టుకుంటే, తెలియకుండానే కుడిచేతి వేళ్లూ బిగుస్తాయి. అందుకే కాల్చాలని నిర్ణయించుకునేదాకా చూపుడువేలు ట్రిగ్గర్ గార్డ్ బయట, పిస్టల్ పక్కకు ఆనించి ఉంచాలని ఫైరింగ్ రేంజిలో పదేపదే అరిచి చెబుతారు. ఉలిక్కిపడి పేలిన తూటాలకు మూలం చాలాసార్లు ఆ వేలే.

"కాలి మీద కాల్చొచ్చుగా" అని మీరనుకోవచ్చు. కదిలే కాలు సన్నటి గురి. తప్పిపోయిన 9 ఎంఎం తూటా కిలోమీటరుకు పైగా వెళ్లగలదు, వెనక ఏముందో దానికి తెలియదు. తొడలోని పెద్ద రక్తనాళం తెగితే మనిషి నిమిషాల్లో పోతాడు. ఇక పట్టుబడినవాడికి బుద్ధి రావాలని కాలి మీద కాల్చడమంటే విచారణ లేకుండా శిక్ష వెయ్యడమే. చట్టంలో దానికి చోటు లేదు.

గుంపుల విషయం వేరు, అక్కడ మెట్లు ఉంటాయి. సురక్షా సంహిత 148 కింద ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ గానీ, స్టేషన్ ఇన్‌చార్జి గానీ, ఆయన లేకపోతే ఎస్సైకి తక్కువ కాని అధికారి గానీ చెదిరిపొమ్మని ఆదేశించాలి. మైకులో అందరికీ వినపడేలా హెచ్చరిక, తర్వాత టియర్ గ్యాస్, లాఠీ, ఏదీ పనిచేయకపోతే చివరికి కాల్పులు. కాల్పులంటే తలా ఒక దిక్కుకు పేల్చడం కాదు. ఎవరు, ఎన్ని రౌండ్లు అని పేరుపెట్టి చెప్పాలి. గురి కిందికి, ఎక్కువ దౌర్జన్యం చేస్తున్నవాళ్ల మీదికే ఉండాలి. తలల మీదుగా గాల్లోకి కాల్చొద్దని పోలీసు నిబంధనలు చెప్పడానికి కారణముంది: ఆ తూటా వెనక మేడ మీద చూస్తున్నవాళ్లకు తగులుతుంది. గుంపు కదలగానే కాల్పులు ఆపాలి, గాయపడ్డవాళ్లను ఆస్పత్రికి పంపాలి, ఖాళీ తూటా గొట్టాలు ఏరి లెక్క రాయాలి.

ఇక మీ అసలు భయం, పైనుంచి వచ్చే ఆదేశం. బూటకపు ఎన్‌కౌంటర్ కేసులో పై అధికారి చెప్పాడన్నది రక్షణ కాదని సుప్రీంకోర్టు 2011లో ప్రకాశ్ కదమ్ కేసులో తేల్చి చెప్పింది. మన దగ్గరే చూడండి. 2019 డిసెంబర్ 6 తెల్లవారుజామున షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో, దిశ కేసులో అరెస్టయిన నలుగురూ పోలీసు కాల్పుల్లో చనిపోయారు. ఆ రోజు పోలీసుల మీద పూలు చల్లారు. సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022 మేలో బయటికొచ్చింది. నిందితులు తుపాకులు లాక్కుని కాల్చారన్న పోలీసుల కథనాన్ని కమిషన్ నమ్మలేదు, చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారంది, 10 మంది పోలీసుల మీద హత్యానేరం కింద విచారణ జరగాలంది. చనిపోయినవారిలో ముగ్గురు మైనర్లని కూడా తేల్చింది. పూలు చల్లిన జనం కోర్టు మెట్ల మీద తోడుండరు. మీ అమ్మాయికి ఇది మొహమాటం లేకుండా చెప్పండి.

చెయ్యనంటే ఉద్యోగం పోతుందా? రాజ్యాంగం 311వ అధికరణ ప్రకారం మామూలుగా విచారణ లేకుండా డిస్మిస్ చేయలేరు. బదిలీ కావచ్చు, హెడ్‌క్వార్టర్స్‌కు అటాచ్ చేయొచ్చు, చార్జి మెమో రావచ్చు. ఆ బాధ చిన్నదని నేననను. కానీ హత్య కేసుతో దాన్ని పోల్చి చూడండి. ఆదేశం అనుమానంగా ఉంటే రాతపూర్వకంగా అడగాలి, స్టేషన్ జనరల్ డైరీ(జీడీ)లో టైముతో సహా రాయించాలి, ఆదేశమిచ్చినవారికి పైనున్న అధికారికి తెలియజేయాలి. నోటిమాట ఆదేశాలు ఇచ్చేవాళ్లు కాగితం అడిగితే వెనక్కి తగ్గడం తరచూ జరుగుతుంది.

నిజాయతీగా ఆత్మరక్షణ కోసం కాల్చిన అధికారికి మాత్రం చట్టం అండ ఉంది. 2012లో జార్ఖండ్‌కు చెందిన ఓంప్రకాశ్ కేసులో, నేరస్తుణ్ణి చంపడం పోలీసు పని కాదని చెబుతూనే, విధి నిర్వహణలో జరిగిన కాల్పులని తేలినందున ప్రభుత్వ అనుమతి లేకుండా నడిచిన కేసును సుప్రీంకోర్టు కొట్టేసింది. తేడా పడేది కాగితాల్లో, ఆధారాల్లో. పోలీసు కాల్పుల్లో మరణం జరిగితే ఏం చెయ్యాలో 2014 సెప్టెంబర్ 23న పీయూసీఎల్ అనే పౌరహక్కుల సంస్థ కేసులో సుప్రీంకోర్టు తీర్పు 16 అంశాలుగా చెప్పింది. సమాచారం వచ్చినప్పుడే రాసిపెట్టాలి, ఎఫ్ఐఆర్ కట్టాలి, దర్యాప్తు సీఐడీకో వేరే స్టేషన్ బృందానికో ఇవ్వాలి. పోస్టుమార్టం ఇద్దరు డాక్టర్లు చెయ్యాలి, వీడియో తియ్యాలి. కాల్చిన ఆయుధాలు పరీక్షకు అప్పగించాలి. మేజిస్ట్రేట్ విచారణ తప్పనిసరి. వెంటనే ప్రమోషన్లు, శౌర్య పతకాలు ఇవ్వకూడదు. సంఘటన స్థలంలో ఖాళీ తూటా గొట్టాలు కదిలించి, తర్వాత 'సర్దిన' పంచనామా రాయడం వల్లే నిజమైన ఆత్మరక్షణ కేసులు కూడా అనుమానంలో పడతాయి.

ఈ నియమాలకు వెనకున్న చరిత్రలో మన ప్రాంతం పాత్ర పెద్దది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఎన్‌కౌంటర్ మరణాల మీద వచ్చిన ఫిర్యాదుల్ని విచారించాకే జాతీయ మానవ హక్కుల కమిషన్ 1997 మార్చిలో అన్ని రాష్ట్రాలకూ మార్గదర్శకాలు పంపింది.

యంత్రాల గురించి అడిగారు. 2016 జులైలో అమెరికాలోని డల్లస్‌లో అయిదుగురు పోలీసుల్ని చంపినవాణ్ణి రోబోతో బాంబు పంపి చంపారు. రోబోను నడిపిందీ, పంపాలని నిర్ణయించిందీ మనుషులే. 2022లో శాన్‌ఫ్రాన్సిస్కో నగర పాలకులు అలాంటి రోబోలకు ముందు సరేనని, జనం అభ్యంతరం చెప్పాక వారం రోజుల్లోనే వెనక్కి తీసుకున్నారు. డ్రోన్ లోపల ఎంతమంది ఉన్నారో చూపిస్తుంది, కెమెరా మొహం పోల్చి చెబుతుంది, పొరబడుతుంది కూడా. సాక్షి బోనులో నిలబడి ఎందుకు కాల్చారో చెప్పాల్సింది మీ అమ్మాయే.

పంపమంటారా అంటే, తనకు ఒక పరీక్ష పెట్టండి. కోపం వచ్చినప్పుడు ఎంతసేపట్లో చల్లబడుతుంది? పదిమంది ఎగదోస్తున్నప్పుడు 'ఆగండి' అనగలదా? తప్పు జరిగితే జరిగినట్టు రాయగలదా? వీటికి అవునని వస్తే నిశ్చింతగా పంపండి. అలాంటివాళ్లు స్టేషన్లో ఉండటం వల్ల ఎన్నో ప్రాణాలు నిలుస్తాయి. గురి సంగతి అకాడమీ చూసుకుంటుంది, హిమాయత్‌సాగర్‌లో దాదాపు ఏడాది శిక్షణ ఉంటుంది.

పోలీసు శాఖ ఇష్టమే కానీ తుపాకీ వద్దనుకుంటే, ఫింగర్‌ప్రింట్ బ్యూరోలో ఏఎస్ఐ, ఐటీ అండ్ కమ్యూనికేషన్స్‌లో ఎస్సై పోస్టులున్నాయి. వీటికి తన డిగ్రీ సరిపోతుందో లేదో నోటిఫికేషన్‌లో సరిచూడండి. కెమిస్ట్రీ చదివింది కాబట్టి ఉస్మానియాలో గానీ, గుజరాత్ గాంధీనగర్‌లోని నేషనల్ ఫోరెన్సిక్ సైన్సెస్ యూనివర్సిటీలో గానీ ఎంఎస్సీ ఫోరెన్సిక్ చేస్తే బాలిస్టిక్స్ విభాగం వైపు వెళ్లొచ్చు. ఆ తూటా ఎంత దూరం నుంచి వచ్చిందో తేల్చేది వాళ్లే.

ఫైనల్ పరీక్ష అయిపోగానే ఖమ్మం సెషన్స్ కోర్టులో నాలుగు రోజులు కూర్చోమనండి. కోర్టు తలుపులు అందరికీ తెరిచే ఉంటాయి. హత్య కేసులో దర్యాప్తు అధికారిని డిఫెన్స్ లాయరు ఎలా అడుగుతాడో వెనక బెంచీలో కూర్చుని, పంచనామా టైముకీ జీడీ టైముకీ తేడా వస్తే ఏమవుతుందో స్వయంగా చూసి, ఆ తర్వాతే పోస్టుల ప్రాధాన్యం రాయమని చెప్పండి.