స్టేట్ కిరీటం గెలిస్తే మా పాప జీవితం ఎట్లుంటుంది?

ప్రశ్న: మేం అనంతపురం పాతూరులో ఉంటాం. మా వారిది చిన్న చీరల అంగడి. పాపకు 19 ఏళ్లు, బీకాం రెండో సంవత్సరం. కాలేజీ ర్యాంప్ షోలో మొదటి బహుమతి వచ్చినప్పటి నుంచి అందాల పోటీలకు పోతానంటోంది. ఈ మధ్య ఇన్‌స్టాగ్రామ్‌లో ఎవరో మెసేజ్ పెట్టారు. ఫోటోలు చూసి రాష్ట్ర స్థాయి పోటీకి సెలెక్ట్ చేశామని, ఫైనల్స్‌కు రావాలంటే 60 వేలు కట్టాలని, గెలిస్తే సినిమా ఛాన్స్ గ్యారంటీ అని అంటున్నారు. మా వారు ససేమిరా అంటున్నారు. పాప సరిగా అన్నం తినడం లేదు. నిజంగా గెలిస్తే ఆ తర్వాత జీవితం ఎట్లుంటుంది? చదువు ఏమవుతుంది? – ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందుగా ఆ 60 వేలు కట్టొద్దు. మనిషిని చూడకుండా, నడిపించకుండా, నాలుగు మాటలు మాట్లాడించకుండా ఫోన్లో ఫోటోలు చూసి ఫైనల్స్‌కు సెలెక్ట్ చేశామంటే నమ్మాల్సిన పనిలేదు. సినిమాలో వేషం గ్యారంటీ అని చెప్పే హక్కు ఏ పోటీ నిర్వాహకుడికీ ఉండదు. సినిమా తీసేది వేరే వాళ్లు. ఒకవేళ ఇప్పటికే ఎంతో కొంత అడ్వాన్స్ పంపి ఉంటే, మోసమని అనుమానం రాగానే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఏ పోటీనైనా అంచనా వేయడానికి నేను తల్లిదండ్రులకు చెప్పేది ఒకటే. దానికి డబ్బు ఎవరి దగ్గర నుంచి వస్తోందో చూడండి. పెద్ద పోటీలను స్పాన్సర్లు, ప్రకటనలు నడిపిస్తాయి. ఊరూరా పుట్టుకొస్తున్న చిన్న పోటీలను చాలావరకు పాల్గొనే పిల్లల అమ్మానాన్నలే నడిపిస్తున్నారు. ముందు ఎంట్రీ ఫీజు. తర్వాత పోర్ట్‌ఫోలియో ఫోటోలు, నడక, మాట, అలంకరణ నేర్పే గ్రూమింగ్ క్లాసు, గౌను అద్దె, మేకప్, హోటల్ గది అంటూ ఒక్కొక్కటే బయటికి వస్తాయి. ఎవరూ ఉత్త చేతులతో ఇంటికి పోకుండా బెస్ట్ స్మైల్, బెస్ట్ హెయిర్ అని తలా ఒక సాష్ (భుజం మీదుగా వేసే పేరు పట్టీ) వేసి పంపుతారు. ఆ సాష్‌ను చూపిస్తే యాడ్ ఏజెన్సీలో గానీ ఉద్యోగంలో గానీ ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

అలాగని పాప కోరికే తప్పని మీ వారు అనుకుంటే నేను ఒప్పుకోను. వేదిక మీద నిలబడి మాట్లాడాలని, పేరు తెచ్చుకోవాలని 19 ఏళ్ల పిల్ల అనుకోవడంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. సరైన దారి పట్టాలి, అంతే. ఫెమినా మిస్ ఇండియాలో 2017 నుంచి రాష్ట్రానికొక విజేతను ఎంచుకుని జాతీయ ఫైనల్స్‌కు పంపే పద్ధతి వచ్చింది. వయసు, ఎత్తు నిబంధనలు, ఆడిషన్ల వివరాలు ఆ ఏడాది అధికారిక ప్రకటనలోనే చూడాలి, మధ్యవర్తుల మాటల్లో కాదు. మిస్ యూనివర్స్‌కు మన దేశం నుంచి పంపే పోటీ వేరు. మిస్ యూనివర్స్‌లో 2023 నుంచి పెళ్లైనవాళ్లకు, తల్లులకు కూడా అవకాశమిచ్చారు, 2024 నుంచి గరిష్ఠ వయసు పరిమితి తీసేశారు. ఈ ఏడాది పోకపోతే అంతా అయిపోయినట్టే అనే టెన్షన్ పాప పెట్టుకోనక్కర్లేదు.

ఇక మీ అసలు ప్రశ్న, గెలిస్తే జీవితం ఎట్లుంటుందని. రాష్ట్ర కిరీటమంటే నెల జీతమొచ్చే ఉద్యోగం కాదు. ఒక ఏడాది పాటు నిర్వాహకులకు కట్టుబడి చేసే పని. గెలిచిన మర్నాడు సన్మానాలు, పేపర్లో ఫోటో, కాలేజీలో పూలదండ, అన్నీ ఉంటాయి. వారం తర్వాత జాతీయ పోటీకి తయారీ మొదలవుతుంది. తెల్లవారుజామున లేచి వ్యాయామం, హీల్స్ మీద గంటల తరబడి నడక, ఇంగ్లీషులో ఇంటర్వ్యూ సాధన, ఫోటో షూట్లు, స్పాన్సర్ల కార్యక్రమాలు. శిక్షణ ఎక్కువగా ముంబైలో. అగ్రిమెంట్‌లో సాధారణంగా ఒక షరతు ఉంటుంది, నిర్వాహకుల అనుమతి లేకుండా వేరే యాడ్లు, షోలు చేయకూడదని. అంటే పేరున్న ఆ ఏడాదే అనంతపురంలో ఒక నగల షాపు యాడ్ చేయమని అడిగినా, పాప సొంతంగా ఒప్పుకోలేకపోవచ్చు. ఆ ఏడాది వచ్చేదాని కన్నా పెట్టేది ఎక్కువయ్యే ఇళ్లే ఎక్కువ. ఇది ముందే తెలిసి ఉంటే తర్వాత ఇంట్లో గొడవలుండవు.

తెలంగాణ తరఫున గెలిచి, 2021 ఫిబ్రవరిలో మిస్ ఇండియా కిరీటం అందుకున్న మానస వారణాసిని చూడండి. ఆమె హైదరాబాద్ వాసవి ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ సైన్స్ చదివి, ఉద్యోగం చేస్తూ పోటీకి వెళ్లింది. 2021 డిసెంబర్‌లో జరగాల్సిన మిస్ వరల్డ్ ఫైనల్ కోవిడ్ వల్ల వాయిదా పడి 2022 మార్చిలో జరిగింది. ఆమె చివరి 13 మందిలో నిలిచింది. తెలుగు సినిమాలో కథానాయికగా కనిపించింది 2024లో. తెనాలిలో పుట్టి విశాఖలో పెరిగిన శోభిత ధూళిపాళ 2013లో మిస్ ఇండియా ఎర్త్ అయితే, మొదటి సినిమా 2016లో వచ్చింది. ఇద్దరికీ కిరీటానికీ సినిమాకీ మధ్య మూడేళ్లకు పైనే గడిచాయి. పేరు తెచ్చుకున్న వాళ్లకే ఇంత సమయం పట్టింది. జాతీయ స్థాయిలో చివరి వరుసల్లో ఆగిపోయిన రాష్ట్ర విజేతలు చాలామంది మళ్లీ చదువుకో, ఉద్యోగానికో వెళ్తారు. యాంకరింగ్, ఈవెంట్ మేనేజ్‌మెంట్, విమానాల్లో క్యాబిన్ క్రూ, కంపెనీల్లో పబ్లిక్ రిలేషన్స్ లాంటి చోట్ల ఆ ఏడాది నేర్చిన మాట, నడక, ధైర్యం పనికొస్తాయి. నా దృష్టిలో అది ఓటమి కాదు. చాలా మంచి ఫలితం.

అందుకే బీకాం ఆగకూడదు. ఈ ఒక్క విషయంలో నేను కొంచెం కూడా తగ్గను. 2019లో మిస్ ఇండియా అయిన సుమన్ రావు సీఏ చదువుతూనే పోటీకి వచ్చింది. కాలేజీలో 75 శాతం హాజరు ఉండాలి కాబట్టి, ఆడిషన్ తేదీలు తెలియగానే ప్రిన్సిపాల్‌ను కలిసి ముందే చెప్పండి. సెమిస్టర్ పరీక్షలకూ పోటీకీ తేదీలు ఒకటైతే పరీక్షే రాయాలి. డిగ్రీ మూడో సంవత్సరం పూర్తయ్యాక వెళ్తే ఇంకా మంచిది, అప్పటికి పాపకు 21 దాటవు.

రంగు గురించి మీరు అడగలేదు గానీ చెప్పకుండా ఉండలేను. మన సీమ పిల్లలు చాలామంది చామనఛాయ. పోటీ అనగానే మందుల షాపులో స్టిరాయిడ్ క్రీములు కొని పూస్తున్నారు, తెల్లబడే ఇంజెక్షన్లంటూ క్లినిక్‌లకు పోతున్నారు. ఆ స్టిరాయిడ్ క్రీములు నెలల తరబడి వాడితే చర్మం పలచబడి, ఎర్రబడి, మొటిమలతో నిండిపోతుంది. మానేస్తే ఇంకా మండుతుంది. మన తెలుగు కుటుంబపు అమ్మాయి నీనా దావులూరి అమెరికాలో ముందు మిస్ న్యూయార్క్ అయింది. 2013 సెప్టెంబర్‌లో మిస్ అమెరికా కిరీటం గెలిచిన తొలి భారతీయ సంతతి మహిళ ఆమే. ఆ రాత్రే సోషల్ మీడియాలో ఆమె రంగు మీద, పుట్టుక మీద ఎన్నో చెడ్డమాటలు అన్నారు. ఆమె వెనక్కి తగ్గలేదు, రంగు వివక్ష మీదే మాట్లాడుతూ వచ్చింది. పాపకు ఈ సంగతి తప్పకుండా చెప్పండి. ఒంటి రంగు మార్చుకోమనే గ్రూమింగ్ సెంటర్ ఏదైనా సరే, ఆ రోజే మానిపించండి. అన్నం మానేసి బరువు తగ్గడం కూడా అంతే. ముందు పాపతో కూర్చుని తినిపించండి.

ఖరీదైన బట్టలు లేకపోతే గెలవలేమని అనుకోవద్దు. 1994లో మిస్ ఇండియా పోటీకి తన గౌను ఢిల్లీ సరోజినీ నగర్‌లో కొన్న గుడ్డతో, ఇంటి దగ్గరి టైలర్ చేత కుట్టించుకున్నానని సుస్మితా సేన్ తానే చెప్పింది. మీ ఇంట్లో అంతకన్నా పెద్ద ఆస్తి ఉంది. మిస్ వరల్డ్‌లో 1972 నుంచి బ్యూటీ విత్ ఎ పర్పస్ అనే సేవా విభాగం ఉంది. అందులో ప్రతి అమ్మాయీ తను చేసిన పని గురించి చెప్పాలి. చాలామంది చివరి నిమిషంలో ఏదో అనాథాశ్రమంలో ఫోటో దిగి వస్తారు, ఒక్క ప్రశ్న వేస్తే దొరికిపోతారు. మీ పాప పుట్టింది చీరల మధ్య. ధర్మవరం ఎంతో దూరం లేదు. సెలవుల్లో అక్కడికి పోయి నేతగాళ్ల ఇళ్లలో కూర్చోమనండి. పట్టు ధర పెరిగితే మగ్గం ఎందుకు ఆగుతుంది, మరమగ్గం చీరను చేనేతని అమ్మితే ఎవరు నష్టపోతారు, నేసేవాడి కూలీ ఎంత, అంగట్లో చీర ధర ఎంత, ఇవన్నీ రాసుకోమనండి. ఆ లెక్కలు బీకాం పిల్లకు బాగా అర్థమవుతాయి కూడా. ఇవి చెప్పడానికి వాళ్ల నాన్న కన్నా మంచి గురువు దొరకడు.

మీ వారి భయం నాకు అర్థమైంది. బంధువులు ఏమంటారో అని ఉంటుంది, పిల్ల క్షేమం గురించి ఉంటుంది. రెండోది న్యాయమైన భయం. అందుకే మొదటి ఆడిషన్‌కు ఆయన్నే తోడు వెళ్లమనండి. బెంగళూరైనా, హైదరాబాదైనా, పొద్దున పోయి రాత్రికి తిరిగొచ్చేలా చూసుకోండి. హోటల్ గదిలో ఒంటరిగా ఇంటర్వ్యూ అన్నా, ఫోన్లో ప్రత్యేక ఫోటోలు పంపమన్నా అక్కడితో ఆపేయాలని పాపకు మీరే చెప్పాలి. ఎంపికైతే అగ్రిమెంట్ ఇస్తారు. అక్కడికక్కడ సంతకం పెట్టమంటే పెట్టకండి. కాపీ ఇంటికి తెచ్చి తెలిసిన లాయర్‌తో చదివించండి. ఎన్నేళ్లు కట్టుబడి ఉండాలి, సంపాదనలో వాళ్ల వాటా ఎంత, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి, ఈ మూడూ తెలుగులో అడిగి రాసుకున్నాకే పాప సంతకం చేయాలి.