ఈక్వెడార్ వెళ్లే అబ్బాయికి స్పానిష్ ఎంత కావాలి?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. మా అబ్బాయి బీఎఫ్‌ఎస్సీ (ఫిషరీస్ డిగ్రీ) చేసి, భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువులకు టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాడు. ఈక్వెడార్‌లో ఒక రొయ్యల ఫారంలో ఉద్యోగం వచ్చింది. రెండు నెలల్లో ప్రయాణం. అక్కడంతా స్పానిషేనట. వీడేమో ఇంగ్లీషు చాలంటున్నాడు. సర్టిఫికెట్ కోర్సులో చేర్పించమంటారా?

జవాబు: ఇంగ్లీషు చాలదండీ. ఆఫీసులో మేనేజరుతో ఎలాగోలా నెట్టుకురావచ్చు. గట్టు మీద మేత వేసేవాళ్లతో, రాత్రిపూట ఏరేటర్లు (చెరువు నీటికి గాలి అందించే యంత్రాలు) చూసేవాళ్లతో కుదరదు. మీవాడి పనంతా వాళ్లతోనే. అలాగని సర్టిఫికెట్‌కు డబ్బు పోయమనీ చెప్పను. స్పానిష్‌కు దేలే అనే పరీక్ష ఉంది, ఏ1 నుంచి సీ2 దాకా ఆరు స్థాయిలు. భాషనే వృత్తిగా ఎంచుకునేవాళ్లకు అది అవసరం. మీవాడికి ఉద్యోగం చేతిలో ఉంది కాబట్టి, ఈ రెండు నెలల్లో ఓ యాభై అరవై వాక్యాలు తడుముకోకుండా నోటికొస్తే చాలు.

వాటిని చెరువు దగ్గర నుంచే మొదలుపెట్టమనండి. మామూలు యాప్‌లు హోటల్, ఎయిర్‌పోర్ట్ మాటలు నేర్పుతాయి. ఈక్వెడార్‌లో రొయ్యను కమరోన్ అంటారు, రొయ్యల చెరువును పిసీనా అంటారు. యాప్‌లో పిసీనా అంటే ఈతకొలను! మేత బలన్సెయాదో, ఏరేటర్ ఐరెయాదోర్, తెల్లమచ్చ మాంచా బ్లాంకా. 1999లో ఈక్వెడార్ రొయ్యల సాగును దెబ్బతీసిన జబ్బు అదే. పరీక్ష చేయించకుండా ఆ మాట ఎవరి దగ్గరా అనొద్దని చెప్పండి.

తెల్లవారుజామున డీఓ, అంటే నీటిలో కరిగిన ఆక్సిజన్, పడిపోతే ఫోన్‌లో ట్రాన్స్‌లేటర్ తెరిచే టైమ్ ఉండదు. ‘ఎల్ ఒక్సీహెనో ఎస్తా బాహో’, అంటే ఆక్సిజన్ తక్కువగా ఉంది. ‘ప్రెందా లోస్ ఐరెయాదోరెస్, పోర్ ఫవోర్’, అంటే ఏరేటర్లు ఆన్ చేయండి. ఈ రెండూ నిద్రలో లేపి అడిగినా చెప్పగలగాలి. ‘నో ఎంతియెందో, మాస్ దెస్పాసియో’ (అర్థం కాలేదు, నెమ్మదిగా) మొదటి నెలంతా వాడుకోవాల్సిందే. ఒంట్లో బాగోలేకపోతే నొప్పి ఉన్నచోట చేయి పెట్టి ‘మె దుయెలె ఆకీ’ అంటే డాక్టరుకు అర్థమవుతుంది. అంకెల మీద ఇంకా గట్టిగా కూర్చోవాలి. అరవై సెసెంతా, డెబ్బై సెతెంతా. మేత లెక్క చెప్పేటప్పుడు ఆ ఒక్క అక్షరం తప్పు విన్నా పది కిలోల తేడా.

ఈ వాక్యాలన్నీ నోటుబుక్కులో తెలుగు లిపిలోనే రాసుకోమనండి. స్పానిష్‌లో పలికే త, ద మన త, ద లాంటివే. ఇంగ్లీషు అక్షరాల్లో చూస్తే నోరు ట, డ వైపు పోతుంది. అచ్చులు కూడా మనకు అలవాటైనవే కాబట్టి పలకడం దగ్గర తెలుగువాళ్లకు పెద్ద కష్టం ఉండదు. కష్టమంతా వినడంలో ఉంది. గ్వయాకిల్ వైపు తీరప్రాంతంలో మాట చివరి స్‌ను మింగేస్తారు, గ్రాసియాస్ కాస్తా గ్రాసియా అయిపోతుంది. అందుకని యూట్యూబ్‌లో అక్కడి రొయ్యల రైతుల వీడియోలు రోజూ ఓ అరగంట వినమనండి. మొదట్లో ఒక్క ముక్క అర్థం కాకపోయినా మానొద్దు. ఇంకో మాట. పనివాళ్లయినా సరే, అందరినీ ‘ఉస్తేద్’ అని, అంటే మీరు అనే పిలవమనండి. కొత్తగా వచ్చిన కుర్రాడి నోట ఆ మర్యాద చాలా పనులు చేసిపెడుతుంది.

ఇక కాంట్రాక్టు. అది స్పానిష్‌లో ఉంటే, సంతకానికి ముందే తెలిసినవాళ్లతో అనువాదం చేయించండి. 2000 నుంచి అక్కడ చెలామణిలో ఉన్నది అమెరికన్ డాలరే, కాబట్టి జీతం అంకె సూటిగా తెలిసిపోతుంది. యజమాని మీవాడిని ఐఈఎస్‌ఎస్ అనే సామాజిక భద్రతా సంస్థలో చేర్పిస్తానని రాశాడో లేదో చూడండి. ముందు టూరిస్టు వీసా మీద రమ్మని, పని వీసా తర్వాత చూద్దామంటే మాత్రం టికెట్ కొనొద్దు.