ఆకులే తప్ప పువ్వు లేదన్నావు

అమ్మలూ,

కృష్ణకమలం తీగ గోడంతా పాకింది కానీ ఒక్క మొగ్గ కూడా లేదు, ఇంకేం ఎరువు వెయ్యమంటావు పెద్దమ్మా అని రాశావు. ఏమీ వెయ్యకు. తిండి ఎక్కువయ్యే అది ఆకులు తొడుగుతోంది. నత్రజని దండిగా దొరికితే ఈ తీగకి పూల ధ్యాసే ఉండదు. యూరియా పక్కన పెట్టు. బాగా చివికిన పశువుల ఎరువు రెండు మూడు నెలలకోసారి, అదీ కొద్దిగా, చాలు. దానికంటే ముందు ఎండ చూడు. రోజుకి కనీసం 6 గంటలు తగలకపోతే నువ్వెంత సేవ చేసినా తీగ సాగుతుందే గానీ పూయదు.

తర్వాత కత్తెర పట్టు. నీకు మనసొప్పదని తెలుసు, కానీ ఈ సంవత్సరం సాగిన కొత్త కొమ్మల మీదే పువ్వులొస్తాయి. వెచ్చటి చోట ఇది ఏడాది పొడుగునా పెరుగుతూనే ఉంటుంది, పైన పచ్చగా కనిపించినా లోపల ఎండిన తీగల కుప్పే. పూత అయిపోగానే మూడో వంతు కత్తిరించు. మోడు మాత్రం చెయ్యకు, ముదురు కాండం మళ్ళీ చిగురించకుండా చచ్చిపోవచ్చు.

పండ్లు కూడా వస్తాయా అన్నావు. అది నీ తీగ ఏ రకమో తేలాక చెప్పాల్సిన మాట. కృష్ణకమలం, ప్యాషన్ ఫ్రూట్ అన్నీ పాసిఫ్లోరా అనే ఒకే తీగల వర్గంలోవి. అందులో 500కు పైగా జాతులున్నాయి, అన్నీ తినే పండ్లివ్వవు. ఏదో తెలియకుండా నోట్లో పెట్టుకోకు. తినే ప్యాషన్ ఫ్రూట్‌లో ఊదా పండు రకం ఒక్క తీగే ఉన్నా చాలావరకు కాస్తుంది. పసుపు పండు రకానికి రెండో తీగ కావాలి. ఇది తెలియక నేను రెండేళ్ళు పోగొట్టుకున్నాను. రెండు తీగలైతే పెట్టాను, కానీ రెండూ ఒకే తల్లి నుంచి తెచ్చిన కొమ్మ ముక్కలు. పేరుకి రెండు, నిజానికి ఒకటే మొక్క. రోజూ పువ్వులు విచ్చుకునేవి, మర్నాటికి రాలిపోయేవి. గింజ నుంచి మొలిచిన వేరే మొక్క పక్కన పెట్టాకే పిందె నిలిచింది.

ఆ పువ్వు తీరు కూడా గమనించు. పసుపు రకం మధ్యాహ్నం విచ్చుకుని రాత్రికి ముడుచుకుంటుంది, ఊదా రకం తెల్లవారుజామున తెరిచి మధ్యాహ్నానికి మూసేస్తుంది. ఒక్క రోజు బతుకు. పుప్పొడి చేరవెయ్యడానికి పెద్ద నల్ల తుమ్మెదలు రావాలి. తేనెటీగలు ఆ పువ్వుకి చిన్నవి, చాలాసార్లు పుప్పొడి దోచుకుపోవడమే వాటి పని. తుమ్మెదలు కనిపించకపోతే నువ్వే ఆ పని చెయ్యి. పువ్వు విచ్చుకోగానే పైనున్న మూడు కీలాగ్రాలు, అంటే పుప్పొడిని అందుకునే కొసలు, నిటారుగా ఉంటాయి, కాసేపటికి కిందికి వంగుతాయి. అప్పుడు వేరే తీగ పువ్వులోని పుప్పొడి మెత్తటి కుంచెతో తీసి ఆ మూడింటికీ అద్దు. పిందె పడ్డాక రెండున్నర నెలలు ఓపిక పట్టు. పండు దానంతట అదే రాలుతుంది, కోయకు.

చీమలు పాకుతున్నాయని కంగారు పడ్డావు. ఆకు కాడ మీద చిన్న తేనె గ్రంథులుంటాయి, వాటికోసం వస్తాయి, వచ్చి కొన్ని పురుగుల్ని తరిమేస్తాయి కూడా. వదిలెయ్. నారింజ రంగు సీతాకోకచిలుకల గొంగళిపురుగులు మాత్రం లేత ఆకుల్ని నమిలేస్తాయి. తీగ పెద్దదైతే తట్టుకుంటుంది, నేనైతే వాటినీ తిననిస్తాను. చిన్న మొక్కైతే చేత్తో ఏరెయ్. కొన్ని జాతుల ఆకుల మీద గుడ్లలాంటి పసుపు చుక్కలుంటాయి, ఇప్పటికే ఎవరో గుడ్లు పెట్టేశారని సీతాకోకచిలుక వెళ్ళిపోవడానికట!

నీళ్ళ దగ్గర జాగ్రత్త. వేళ్ళు పైపైనే ఉంటాయి కాబట్టి ఎండకి తొందరగా ఆరిపోతాయి, పూత మీద ఉండగా ఆరితే మొగ్గ రాలుతుంది. అలాగని నీరు నిలిస్తే వేరు కుళ్ళుతుంది. ఎండుటాకులు పరిచి, కాండానికి ఆనకుండా జానెడు ఖాళీ వదులు. చెట్టు మీదికి ఎక్కించకు, గట్టి పందిరి వెయ్యి.

ఇంకొకటి, ఈ తీగ నూరేళ్ళది కాదు. అయిదారేళ్ళకి డస్సిపోతుంది. ఇప్పుడే నాలుగు కణుపులున్న కొమ్మ ముక్కలు రెండు నీడలో నాటి ఉంచుకో. నీది పసుపు పండు రకమని తేలితే రాయి, నా తీగ ముక్క పంపిస్తాను.

పెద్దమ్మ