వీధి తిండి మీద పిల్లల ఎగ్జిబిషన్: మూడొందల టికెట్టు దండగేనా?

పిల్లలు ముట్టుకుని ఆడుకునేలా స్ట్రీట్ ఫుడ్ మీద ఎగ్జిబిషన్ పెట్టారు, మనిషికి మూడొందలు, తీసుకెళ్తే ఏమైనా నేర్చుకుంటారా అని కదా మీరడిగింది. తీసుకెళ్ళండి. వీలైతే ఇంట్లో పెద్దావిడను కూడా వెంటబెట్టుకుపోండి. ఎందుకంటున్నానో చెప్తాను.

మాది నెల్లూరు, మూలాపేట. మా అమ్మ పదిహేడేళ్ళు అట్ల బండి నడిపింది. ఈ ముక్క ఇట్టా నలుగురిలో రాయగలుగుతున్నది ఈ మధ్యనే.

పోయిన వేసవిలో అమ్మకి కళ్ళు చూపిద్దామని చెన్నై పోయాం. కంటిచూపుకైనా పెళ్ళి చీరకైనా నెల్లూరోళ్ళు చెన్నై రైలెక్కడం మామూలే. డాక్టరు మూడింటికి రమ్మన్నాడు. అప్పటిదాకా ఆ ఎండలో ఏం తిరుగుతాంలే అని ఒక హాల్లో పిల్లల ఎగ్జిబిషన్ జరుగుతుంటే దూరాం. ఏసీ కోసమే దూరాం, దాచడమెందుకు.

లోపల వరసగా చెక్క బండ్లు. పానీపూరీ, వడాపావ్, మోమో, చాట్, దోశ. పిల్లలు కాగితం టోపీ పెట్టుకుని బండి వెనక నిలబడి అమ్మాలి, కొందరు ఆడుకునే నోట్లిచ్చి కొనాలి. దోశంటే గుడ్డతో కుట్టిన మసాలా దోశ, లోపల గుడ్డతోనే కుట్టిన ఉర్లగడ్డ కూర. కారం దోశ లేదు. నెల్లూరుకి మూడు గంటల దూరంలో దోశల బండి పెట్టి, దాని మీద కారం దోశ లేకుండా చేయాలంటే ఎంత నిర్లక్ష్యం ఉండాలి? సరే, ఆ గొడవ పక్కన పెడతా.

మా పాపకి ఏడేళ్ళు. దోశ బండి దగ్గరికి పోయి గరిటెతో ఉత్త పెనం మీద రుద్దుతోంది. అమ్మ కాసేపు చూసింది. తర్వాత చెప్పులు విడిచింది. బండి దగ్గరికి పోయేటప్పుడు చెప్పులు విడవడం ఆమెకి పాత అలవాటు. పాప చెయ్యి పట్టుకుని, "అట్ట కాదు మా, ముందు నీళ్ళు చల్లాల" అంది.

నీళ్ళేవీ? బకెట్ లేదు. ఈనెల చీపురు లేదు. అమ్మ ఉత్త చేత్తోనే చల్లినట్టు చేసి, నోటితో "సుయ్యిఁ" అంది. చుట్టూ ఉన్న పిల్లలంతా తిరిగి చూశారు. పెనం మరీ కాలితే పిండి గరిటెకే ముద్దగా అంటుకుంటుంది, పరుచుకోదు. నీళ్ళు చల్లి చీపురుతో ఊడిస్తే వేడి తగ్గుతుంది, అప్పుడు వెయ్యాలి. తర్వాత సగం కోసిన ఎర్రగడ్డని నూనెలో ముంచి రుద్దాలి. పల్చగా తిప్పి, అంచుల వెంట నెయ్యి వదిలి, పైన ఎర్రకారం పూసి, పప్పులపొడి చల్లి మడవాలి. కారం పూసిన దోశని తిరగెయ్యకూడదు. తిరగేస్తే కారం మాడి, ఆ ఘాటుకి వీధి వీధంతా దగ్గుతుంది. ఇదంతా అమ్మ నెల్లూరు తెలుగులో చెప్తోంది, అక్కడున్నది సగం అరవ పిల్లలు. అయినా ఐదు నిమిషాల్లో లైను కట్టారు. ప్రతివాడూ "సుయ్యిఁ" అనడమే.

అక్కడ పనిచేసే అమ్మాయి వచ్చి మీరు నిర్వాహకుల తరఫునా అని అడిగింది. ఇంతలో ఒక పిల్లోడు గుడ్డ దోశ తీసుకుని డబ్బులివ్వకుండా పోతున్నాడు. "ముందు డబ్బులు కట్టాలి" అని ఆ అమ్మాయి ఆపబోయింది. అమ్మ అడ్డం పడి, "పోనీ మా, బడికి పోయే పిల్లోడు, రేపిస్తాడులే" అంది.

నాకు గొంతు పట్టేసింది. ఎందుకంటే నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు సాయంత్రాలు ప్లేట్లు కడిగేవాణ్ణి. మా సైన్సు మాస్టారు అట్లు తినడానికొస్తే నీళ్ళ డ్రమ్ము వెనక కూర్చునేవాణ్ణి, ఆయన పోయేదాకా. నేనక్కడ ఉన్న సంగతి ఆయనకి తెలుసని ఇప్పుడనిపిస్తుంది, ఎందుకంటే పోతూ పోతూ డ్రమ్ము వైపు చూసి దగ్గేవాడు. నేను దాక్కున్న చోట నిలబడటానికి నా కూతురికి మూడొందలు కట్టాను. కాగితం టోపీ దానికి అదనం.

ఇంటికొచ్చాక కొంత చదివాను. పిల్లలకంటూ మొదటి మ్యూజియం 1899లోనే బ్రూక్లిన్‌లో వచ్చింది. 1960ల్లో బోస్టన్ పిల్లల మ్యూజియంకి డైరెక్టరుగా వచ్చిన మైఖేల్ స్పాక్ వస్తువుల్ని అద్దాల పెట్టెల్లోంచి తీసి పిల్లల చేతికిచ్చాడట. మంచి పని. కొనేవాడి వైపు మనం రోజూ నిలబడతాం, అమ్మేవాడి వైపు పిల్లని నిలబెట్టడం ఇట్టాంటి చోటే కుదురుతుంది. అందుకే తీసుకెళ్ళమంటున్నా. శుభ్రత, పోషకాలు, దేశదేశాల వంటలు అంటూ గోడల మీద రాసినవి ఏ పిల్లా చదవదు, నేను చూశాను కదా.

గోడ మాటొస్తే ఇంకో మంట. సింగపూర్ హాకర్ల సంస్కృతిని 2020లో యునెస్కో జాబితాలో చేర్చారని పెద్ద అక్షరాలతో రాశారు. సంతోషం. మన దేశంలో వీధి వ్యాపారుల చట్టం 2014లో వచ్చింది, బండి ఖాళీ చేయించాలంటే 30 రోజుల ముందు నోటీసివ్వాలని అందులో ఉంది, వీధి బండ్ల సంగతి చూసే పట్టణ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలని కూడా ఉంది. ఆ గోడ మీద దాని ఊసే లేదు. మా అమ్మ రోజుల్లో చట్టమూ లేదు, నోటీసూ లేదు. ఒక సాయంత్రం లారీ వచ్చింది, పొయ్యితో సహా ఎత్తుకుపోయారు. పిండి బకెట్టు మాత్రం నేను పట్టుకుని పరిగెత్తాను. రొట్టెల పండగ ముందు వారం అది. స్వర్ణాల చెరువు దగ్గర బారా షహీద్ దర్గాకి జనం విరగబడి వచ్చే ఆ నాలుగైదు రోజులే మాకు ఏడాది అప్పు తీర్చేవి. ఆ ఏడు తీరలేదు.

క్యూఆర్ కోడ్ సంగతి కూడా చెప్పాలి. చెక్క బండికి కూడా ఒకటి అంటించారు, చూపిస్తే కుయ్ మంటుంది. పిల్లలకి సరదాగానే ఉంది. నేను మాత్రం తీసివేతలు నేర్చుకున్నది పది రూపాయల నోటుకి చిల్లర ఇవ్వడంలోనే. లెక్క తప్పితే అట్లకాడతో మొట్టికాయ.

బయటికొచ్చేటప్పుడు అభిప్రాయం రాయమని ఒక పుస్తకం పెట్టారు. అమ్మకి రాయడం రాదు, నన్ను రాయమంది. "బండి బానే ఉంది. చక్రం కింద రాయేదీ? ఏటవాలులో పెడితే పిల్లోళ్ళ మీదికి పోదూ?" అచ్చం అట్టాగే రాశాను. వాళ్ళకి అర్థమై ఉండదు.

తిరుగు రైలు గూడూరు దాటాక పాప నిద్ర లేచి, "నాయనమ్మా, నీ బండికి రాయి ఉండేదా?" అంది. ఉంది. ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది. దొడ్డి తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టుకుంటున్నాం.